జర్మనీ ఆఫర్ వచ్చింది, మా ఆవిడ డెంటిస్ట్.. వెళ్లాలా వద్దా?

సర్దుకుంటున్నా:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. స్టుట్‌గార్ట్ పక్కన ఒక మీడియం సైజు కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్, ఏడాదికి 58,000 యూరోలు గ్రాస్, బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్) మీద రమ్మంటున్నారు. నాకు 34, మూడేళ్ల పాప ఉంది. మా ఆవిడ డెంటిస్ట్, ఇక్కడ ప్రాక్టీస్ బానే నడుస్తోంది, అక్కడికొచ్చాక తనూ ఏదో ఒకటి చూసుకుంటుందిలే అనుకుంటున్నాం. నా డౌట్లు ఏంటంటే, ముగ్గురికి ఈ జీతం సరిపోతుందా, ట్యాక్స్ పోగా చేతికెంత వస్తుంది, ఇల్లు దొరకడం నిజంగానే అంత కష్టమా, పీఆర్ ఎన్నాళ్లకి వస్తుంది. జర్మన్ నాకు గుటెన్ మోర్గెన్ తప్ప రాదు కానీ టీమ్‌లో అంతా ఇంగ్లీషే అని హెచ్‌ఆర్ చెప్పింది.

లెక్కలమాస్టారు:
కంగ్రాట్స్ బ్రో. జీతం సంగతి ముందు. బ్లూ కార్డ్‌కి 2025లో ఏడాదికి కనీసం 48,300 ఉండాల్సి వచ్చేది, కొరత ఉన్న ఉద్యోగాలకి, కొత్తగా చదువు ముగించినవాళ్లకి 43,759.80 సరిపోయేది, కాబట్టి వీసా వరకు నీకు బెంగలేదు. చేతికొచ్చేది మాత్రం నువ్వు ఒక్కడివే ఉన్నంతకాలం ట్యాక్స్ క్లాస్ 1 కింద నెలకి సుమారు 3,050, భార్య వచ్చి అక్కడ అడ్రస్ రిజిస్టర్ చేసుకున్నాక నువ్వు క్లాస్ 3కి మారితే 3,400 దాకా వస్తుంది. ఇందులోంచి పెన్షన్, హెల్త్, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా అన్నీ ముందే కట్ అయిపోతాయి, గ్రాస్‌లో ఐదో వంతు అటే పోతుంది అనుకో. పాపకి కిండర్‌గెల్డ్ అని నెలనెలా గవర్నమెంట్ డబ్బు ఇస్తుంది (2025లో 255 ఇచ్చేది), అది వేరే. ఇంకో మాట, క్లాస్ 3 తీసుకుంటే మీ ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు తనకి క్లాస్ 5 పడుతుంది, ఆ జీతంలో కోత చూసి కంగారు పడొద్దు, ఏడాది చివర రిటర్న్‌లో ఇద్దరిదీ కలిపి సర్దుతారు.

నెక్కర్_ఒడ్డున:
నేను స్టుట్‌గార్ట్ ఏరియాలోనే ఉంటా. ఇల్లు కష్టమే, దాయడానికేముంది. ఇక్కడ మూడు గదుల ఇల్లు అంటే హాలు కూడా ఒక గదే, అంటే మన లెక్కలో రెండు బెడ్‌రూములు, వార్మ్ రెంట్ 1,500 అటూ ఇటూ పెట్టుకో, ఊరి మధ్యలో అయితే ఇంకా ఎక్కువ. కాల్ట్ అంటే ఉత్త అద్దె, వార్మ్ అంటే హీటింగ్, మెయింటెనెన్స్ కలిపి, కరెంటు ఇంటర్నెట్ అయితే మళ్లీ విడిగా. డిపాజిట్ చట్ట ప్రకారం మూడు నెలల కాల్ట్ రెంట్ దాటకూడదు, అంతకంటే అడిగితే వాడు మోసగాడన్నా అయ్యుండాలి లేదా నీకు తెలీదనుకుంటున్నాడన్నా అయ్యుండాలి. చాలా ఇళ్లల్లో కిచెన్ ఉండదు, అంటే గది ఉంటుంది, సింకు, కప్‌బోర్డులు, స్టవ్వు పాత అద్దెవాళ్లు ఊడదీసుకుని పోతారు. మొదటిసారి చూసినవాళ్లకి నోట మాట రాదు.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ రిజిస్ట్రేషన్, చేయించాలి, దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి, అది లేకపోతే ట్యాక్స్ నంబరు రాదు, అది రాకపోతే జీతంలో ట్యాక్స్ మొత్తం పెద్ద క్లాస్ కింద కోసేస్తారు. అందుకే టెంపరరీ ఇల్లు తీసుకునేటప్పుడే అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకుంటారా అని రాతపూర్వకంగా అడుగు. కంపెనీ వాళ్లని మొదటి మూడు నెలలు ఫర్నిష్డ్ ఇల్లు ఇమ్మని ఇప్పుడే బేరమాడు, సంతకం పెట్టాక ఎవడూ వినడు.

దంతవైద్యురాలు:
సర్దుకుంటున్నా గారూ, మీ పోస్టులో అన్నిటికీ అంకెలున్నాయి, మీ ఆవిడ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి" అని ఊరుకున్నారు. నేనూ డెంటిస్ట్‌నే, ఇప్పుడు నార్త్‌రైన్ వెస్ట్‌ఫాలియాలో పనిచేస్తున్నా, అందుకే ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

అసలు సంగతి చెప్తా వినండి. మీ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్స్ అక్కర్లేదు, డాక్టర్లకి డెంటిస్టులకి నర్సులకి ఫిజియోలకి కావాలి. మాకు కావల్సిన ఆ లైసెన్స్‌ని అప్రోబాట్సియోన్ అంటారు, అది ఇచ్చేది దేశం మొత్తానికి ఒక ఆఫీసు కాదు, ఏ రాష్ట్రంలో పనిచేయాలనుకుంటే ఆ రాష్ట్రం ఆఫీసు. మామూలు జర్మన్ బీ2 (భాష స్థాయిలు ఏ1 నుంచి సీ2 దాకా ఉంటాయి) వచ్చాక దాని మీద ఫాఖ్‌ష్ప్రాఖ్‌ప్రూఫుంగ్ అని వృత్తి భాష పరీక్ష, దాని స్థాయి సీ1. పేషెంట్‌తో మాట్లాడాలి, కేసు రాయాలి, ఇంకో డెంటిస్ట్‌కి అప్పజెప్పాలి, అన్నీ టైము పెట్టి చూస్తారు. మీ ఆవిడ సిలబస్‌ని జర్మన్ సిలబస్‌తో పోలుస్తారు, తేడాలున్నాయని రాస్తే (మన డిగ్రీలకి ఎక్కువగా అలాగే రాస్తారు) కెన్ట్‌నిస్‌ప్రూఫుంగ్ అని సబ్జెక్టు పరీక్ష, డెంటిస్టులకి ఇందులో చేత్తో చేసి చూపించే భాగం కూడా ఉంటుంది, ప్రయత్నాలకి పరిమితి ఉంది. కొన్ని రాష్ట్రాలు మధ్యలో బెరూఫ్స్ఎర్లౌబ్‌నిస్ అని టెంపరరీ పర్మిషన్ ఇస్తాయి, దానితో ఒకళ్ల పర్యవేక్షణలో పనిచేయొచ్చు, కొన్ని ఇవ్వడానికి వెనకాడతాయి. జర్మన్ సున్నా నుంచి మొదలుపెడితే లైసెన్స్ చేతికొచ్చేసరికి మూడేళ్లు అనుకోండి, చిన్న పాపతో అయితే ఇంకొంచెం. లైసెన్స్ వచ్చాక కూడా సొంతంగా పబ్లిక్ ఇన్సూరెన్స్ పేషెంట్లని చూసే హక్కు కావాలంటే ముందు రెండేళ్లు అసిస్టెంట్‌గా చేయాలి.

భయపెట్టడానికి రాయట్లేదు. దారి ఉంది, నేను దాటాను. కానీ అది "అక్కడికొచ్చాక చూసుకోవడం" కాదు, టికెట్ కొనకముందే మొదలయ్యే పని.

గ్రీన్‌కార్డ్_క్యూలో:
ఇంత కష్టం ఎందుకు బ్రో, అమెరికా ట్రై చెయ్యి. జీతం డబుల్, అంతా ఇంగ్లీషే.

లెక్కలమాస్టారు:
నీ పేరులోనే సమాధానం ఉంది కదన్నా 😂 హెచ్1బీ లాటరీలో ఏడాదికి 85,000 మందికి, 2025 సెప్టెంబరులో వచ్చిన ఆర్డర్ తర్వాత బయటి దేశం నుంచి కొత్తగా పిలిపించుకోవాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి, ఆ పైన ఒక్కో దేశానికి ఏడు శాతం లిమిట్ వల్ల మనవాళ్ల గ్రీన్‌కార్డ్ క్యూ ఏళ్లకేళ్లు. పైగా డిపెండెంట్ మీద వెళ్తే మీ ఆవిడ మొదట్లో ఏ పనీ చేయకూడదు. జర్మనీలో బ్లూ కార్డ్ వాళ్ల భార్యకి వచ్చిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకునే పర్మిషన్ ఉంటుంది. డెంటిస్ట్‌గా లైసెన్స్ వేరే విషయం, వీసా అడ్డం రాదు అంటున్నా.

గ్రీన్‌కార్డ్_క్యూలో:
సరే సరే, నా పుండు మీద కారం చల్లకు 🙏

సర్దుకుంటున్నా:
మేడం, మీరు చెప్పింది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. బ్లూ కార్డ్ వాళ్ల భార్యలకి వీసాకి ఏ1 కూడా అక్కర్లేదని చూసి, భాష సంగతి తర్వాత చూడొచ్చు అనుకున్నాను. తను అసిస్టెంట్ లాంటి జాబ్ అన్నా వెంటనే చేసుకోవచ్చా? పీఆర్ గురించి ఎవరన్నా చెప్పండి.

నెక్కర్_ఒడ్డున:
పీఆర్ సులువే. బ్లూ కార్డ్ మీద 27 నెలలు పెన్షన్ కట్టి ఏ1 ఉంటే చాలు, బీ1 ఉంటే 21 నెలలకే. సిటిజన్‌షిప్ 2024 జూన్ నుంచి ఐదేళ్లకి, ఇక్కడివాళ్లు పాత పాస్‌పోర్టు వదలమని అడగరు కానీ ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి మనం వదులుకుని ఓసీఐ (విదేశీ పౌరులైన భారతీయులకిచ్చే కార్డు) తీసుకోవాల్సిందే. మూడేళ్లకే ఇచ్చే ఫాస్ట్ రూట్ ఒకటుండేది, 2025 అక్టోబరులో తీసేశారు, పాత వీడియోలు చూసి మోసపోకు.

వెనక్కొచ్చినోడు:
నేను వేరే కోణం చెప్తా తమ్ముడూ. నేను మ్యూనిక్‌లో ఉండి వెనక్కొచ్చేశాను. పీఆర్ కూడా వచ్చాక. ఎందుకొచ్చావ్ అని అందరూ అడుగుతారు.

టీమ్‌లో ఇంగ్లీషే, మీ హెచ్‌ఆర్ అబద్ధం చెప్పలేదు. కానీ టీమ్ పక్కన ఇంకో టీమ్, దాని పైన మేనేజర్, బెట్రీబ్స్‌రాట్ అనే ఉద్యోగుల కౌన్సిల్, కస్టమర్, సప్లయర్, వీళ్లెవరూ నీకోసం ఇంగ్లీష్ మాట్లాడరు. మీటింగ్ ఇంగ్లీష్‌లో మొదలవుతుంది, అసలు గొడవ వచ్చిన దగ్గర జర్మన్‌లోకి జారిపోతుంది, నిర్ణయం అక్కడే అయిపోతుంది, మళ్లీ ఇంగ్లీష్‌లోకి వచ్చి నీకు సారాంశం చెప్తారు. కోడ్ రాసినంతకాలం ఏ ఇబ్బందీ లేదు, టీమ్ లీడ్ పోస్టు పడ్డప్పుడు తెలుస్తుంది. నాకంటే జూనియర్‌కి ఇచ్చారు, అన్యాయం అని కూడా అనలేను, ఆ పనిలో సగం మాట్లాడటమే.

ఇంట్లో ఇంకోటి. మా ఆవిడ ఇక్కడ స్కూల్లో మ్యాథ్స్ చెప్పేది. అక్కడ టీచర్ అర్హత కూడా రాష్ట్రం చేతిలోనే, దానికి భాష ఇంకా ఎక్కువ కావాలి. తను ఇంట్లో, నేను ఆఫీసులో, చీకటి పడే నాలుగింటికి చలికాలంలో ఫోన్ చేసి "ఈరోజు పాపతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు" అనేది. మేం వెళ్లిపోదాం అనుకున్నది డబ్బు వల్ల కాదు, అమ్మానాన్నల వల్ల కూడా కాదు. కొంతమందికి ఇది పెద్ద విషయంగా అనిపించదు, మాకు అనిపించింది అంతే.

పాతకాపు_ఫ్రాంక్‌ఫర్ట్:
వెనక్కొచ్చినోడు గారితో సగమే ఏకీభవిస్తా. లాంగ్వేజ్ రాకపోతే కెరీర్ ఆగిపోతుంది, నిజం. కానీ దానికి మందు వెనక్కి రావడం ఒక్కటే కాదు కదా. వారానికి రెండు సాయంత్రాలు ఫోల్క్స్‌హోఖ్‌షూలెకి (పెద్దవాళ్లకి కోర్సులు చెప్పే స్థానిక కేంద్రం) పోతే ఏడాదిన్నరలో బీ1 ఎవరికైనా వస్తుంది, డ్యుయోలింగో యాప్‌లో గుడ్లగూబతో ఆడుకుంటే రాదు. మనవాళ్లు చాలామంది పదేళ్లున్నా ఏ2 దగ్గరే ఉండిపోయి జర్మన్లు కలుపుకోరు అంటారు, అది నాకు నచ్చదు. రెండో విషయం, ఇంటెగ్రాట్సియోన్స్‌కుర్స్ అని 600 గంటల భాష, 100 గంటల దేశ పరిచయం కోర్సు ఉంటుంది, భార్యలు అందులో చేరితే భాషతో పాటు నలుగురు మనుషులు కూడా దొరుకుతారు, సిరియా, ఉక్రెయిన్, బ్రెజిల్ వాళ్లతో కూర్చుని నేర్చుకోవడం, ఎవరికీ ఎవరి భాషా రాదు కాబట్టి జర్మన్‌లోనే మాట్లాడుకోవాలి, అదే మంచి ప్రాక్టీస్. డెంటిస్ట్ గారికి మాత్రం ఆ కోర్సు నెమ్మది, తనకి ఇంటెన్సివ్ కావాలి.

పాప సంగతి ఎవరూ రాయలేదు. ఏడాది నిండిన పిల్లలకి కీటాలో, అంటే డేకేర్‌లో, సీటు చట్టప్రకారం హక్కు, 2013 నుంచి. హక్కున్నంత మాత్రాన సీటు లేదు, స్టాఫ్ కొరత, కాబట్టి అడ్రస్ రాగానే సిటీ పోర్టల్లో పేరు ఇచ్చెయ్. పాప కీటాకి వెళ్తేనే తల్లి క్లాసుకి వెళ్లగలదు, రెండూ ముడిపడి ఉన్నాయి. మీ రాష్ట్రంలో ఫీజు కట్టాలి, బెర్లిన్‌లో అయితే ఫ్రీ.

దంతవైద్యురాలు:
అసిస్టెంట్ జాబ్ గురించి అడిగారు. చేసుకోవచ్చు, క్లినిక్‌లో డెంటల్ అసిస్టెంట్ లాగా, దానికి అప్రోబాట్సియోన్ అక్కర్లేదు, కానీ అందుకూ బీ1 దాకా మాట్లాడగలగాలి. దాని వల్ల లాభం ఏంటంటే డ్రిల్ శబ్దం మధ్య బవేరియా ముసలాయన యాసలో ఏం అంటున్నాడో చెవికి పడుతుంది, ఏ క్లాసులోనూ అది రాదు. నష్టం కూడా చెప్తా, పదేళ్లు తన పేరు బోర్డు మీద చూసుకున్న మనిషి ఇంకొకళ్లకి సక్షన్ పట్టుకుని నిలబడాలి. ఆ మొదటి నెలలు ఎలా ఉంటాయో భర్తలు ఊహించలేరు, "కనీసం బయటికెళ్తున్నావుగా" అంటారు.

వెనక్కొచ్చినోడు:
అలాంటి మాట నేనూ అన్నాను. ఇక ఏం చెప్పను.

లెక్కలమాస్టారు:
ప్రాక్టికల్ విషయం ఒకటి. ప్రోబెట్సైట్, అంటే ప్రొబేషన్, మామూలుగా ఆరు నెలలు, ఆ టైములో రెండు వారాల నోటీసుతో తీసేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఆరు నెలలు దాటాక, కంపెనీలో పదిమంది కంటే ఎక్కువ ఉంటే, తీసేయడం అంత తేలిక కాదు. నిరుద్యోగ భృతికి పన్నెండు నెలలు కట్టి ఉండాలి, అప్పుడు పాత నెట్‌లో 60 శాతం, పిల్లలుంటే 67. అంటే ప్రోబెట్సైట్‌లో ఉద్యోగం పోతే ఏమీ రాదు, కొత్త ఉద్యోగం వెతుక్కోడానికి మూడు నెలలు టైము ఉంటుంది. కార్ల కంపెనీలు, వాటి సప్లయర్లు ఉన్న ఏరియా అది, ఇప్పుడు అక్కడ మనుషుల్ని తగ్గిస్తున్నారు. కాబట్టి మీ ఆవిడ ప్రాక్టీస్ అమ్మేసి మొదటి రోజే రావడం నాకైతే రిస్కే అనిపిస్తుంది.

నెక్కర్_ఒడ్డున:
దీనికి ప్లస్ వన్. ఇంకా పేరెంట్స్ గురించి, 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి బ్లూ కార్డ్ తీసుకున్నవాళ్లు తల్లిదండ్రుల్ని, భార్య కూడా ఇక్కడే ఉంటే అత్తమామల్ని కూడా తెచ్చుకునే రూల్ వచ్చింది. వినడానికి బాగుంది, కానీ వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ నువ్వే చూపించాలి, పబ్లిక్ వాళ్లు తీసుకోరు, ఆ వయసులో ప్రైవేట్ ప్రీమియం చూస్తే కళ్లు తిరుగుతాయి. మీ ఆవిడ (తనకి సొంత జీతం లేనంతకాలం), పాప మాత్రం నీ పబ్లిక్ ఇన్సూరెన్స్‌లోకి ఫ్రీగా వచ్చేస్తారు, అందుకే జీతం పెరిగాక ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఏజెంట్లు వెంటపడతారు, కుటుంబం ఉన్నవాడు ఆ ఉచ్చులో పడకూడదు.

ఆ_ఏదో_ఒకటి_నేనే:
నమస్తే అండి. ఈ థ్రెడ్ లింక్ మా ఆయన పంపారు. పేరు చూస్తే తెలిసిపోతుందిగా ఎవరినో.

ముందు ఆయన మీద పడొద్దు, నేనూ అలాగే అనుకున్నాను, నిజానికి ఆ మాట నాదే, "నువ్వెళ్లు, నేను వచ్చాక ఏదో ఒకటి చూసుకుంటా" అని నేనే అన్నాను, ఆయన అవకాశం నా వల్ల పోకూడదని. డాక్టర్ గారి పోస్ట్ చదివాక మేమిద్దరం కూర్చుని మొదటిసారి నా వైపు లెక్క కూడా కాగితం మీద వేసుకున్నాం. నేను సక్షన్ పట్టుకోడానికి సిద్ధమే అండి, సిగ్గేం లేదు, కానీ ఎన్నాళ్లు అన్నది తెలియకుండా పట్టుకోలేను. నా ప్రశ్నలు: బీ2 ఇక్కడే ఉండి పూర్తి చేసి రావడం మంచిదా, అక్కడికొచ్చి నేర్చుకోవడమా? అప్లికేషన్ ఇక్కడినుంచే పెట్టొచ్చా? అప్పటిదాకా క్లినిక్ మూయకుండా రోజుకి సగం పూట నడుపుకుందాం అనుకుంటున్నా.

దంతవైద్యురాలు:
అమ్మయ్య, ఎదురుచూస్తున్నా మీకోసం. బీ1 ఇండియాలోనే పూర్తి చేయండి, చేతిలో సంపాదన ఉండగా, మనసు స్థిమితంగా ఉండగా. బీ2 జర్మనీ వచ్చాక మొదలుపెట్టండి, ఎందుకంటే బీ2 నుంచి పుస్తకం కంటే చెవి ఎక్కువ పనిచేయాలి. అప్లికేషన్ ఇండియా నుంచే పెట్టొచ్చు, భర్త ఉద్యోగం ఉన్న రాష్ట్రం కాబట్టి మీకు బాడెన్ వుర్టెంబెర్గ్, దాని పని స్టుట్‌గార్ట్ రెగియరుంగ్స్‌ప్రెసీడియుమ్ అనే ప్రాంతీయ ప్రభుత్వ ఆఫీసులో జరుగుతుంది. వాళ్ల వెబ్‌సైట్లో డాక్యుమెంట్ల లిస్టు ఉంటుంది, ఏజెంట్ చెప్పిన లిస్టు కాదు, అదే చూడండి.

ఇప్పుడే చేయాల్సింది ఒకటుంది. మీ యూనివర్సిటీ నుంచి ప్రతి సబ్జెక్టుకీ థియరీ ఎన్ని గంటలు, ప్రాక్టికల్ ఎన్ని గంటలు అని స్టాంపు వేసిన కాగితం తీసుకోండి. మార్కుల లిస్టు సరిపోదు. మీరే స్వయంగా వెళ్లి కౌంటర్ దగ్గర నిలబడితేనే ఆ కాగితం కదులుతుంది, జర్మనీ నుంచి మెయిల్ పెడితే ఎవరూ పట్టించుకోరు. డెంటల్ కౌన్సిల్ గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్ మాత్రం ఇప్పుడు తీయకండి, వాటికి గడువుంటుంది, పాతబడితే మళ్లీ తీయాలి. ట్రాన్స్‌లేషన్ జర్మనీలో ప్రమాణం చేసిన ట్రాన్స్‌లేటర్‌తోనే చేయించండి, ఇండియాలో చేయించింది తిప్పి కొడతారు, డబ్బు దండగ.

క్లినిక్ సగం పూట నడపాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. పని అనుభవం కూడా వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు, సిలబస్ తేడాలు కొంత పూడ్చడానికి. మధ్యలో ఖాళీ ఎంత తక్కువైతే అంత మంచిది.

సర్దుకుంటున్నా:
అయితే ఇలా అనుకుంటున్నాం, నేను ఏప్రిల్‌లో జాయిన్ అవుతా, ప్రోబెట్సైట్ అయ్యేలోపు ఇల్లు, కీటా పేరు, ఇవన్నీ చూస్తా, నేనూ బీ1 కోర్సులో చేరతా. తను బీ1 ముగించుకుని చలికాలం ముందు పాపతో వస్తుంది. ఆఫర్‌లో కూడా రెండు మార్చమని అడిగాను, మొదటి మూడు నెలల ఇల్లు, ఇద్దరికీ భాష కోర్సు ఫీజు. ఇంటికి ఒప్పుకున్నారు, కోర్సు నాకొక్కడికే అన్నారు.

ఆ_ఏదో_ఒకటి_నేనే:
నా ఫీజు నేను కట్టుకుంటాలెండి. యూనివర్సిటీకి సోమవారం వెళ్తున్నా.

పాతకాపు_ఫ్రాంక్‌ఫర్ట్:
సూపర్. ఆయనకో మాట, ఇండియన్ డ్రైవింగ్ లైసెన్స్ జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది, తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండు పరీక్షలూ రాయాలి. ప్రోబెట్సైట్ టెన్షన్‌లో అది మర్చిపోతారు.

మెక్_ఇంజనీర్_33:
హాయ్ ఫ్రెండ్స్, మధ్యలో దూరుతున్నా సారీ. నాకు ఆఫర్ లేదు, బీటెక్ మెకానికల్, ఎనిమిదేళ్ల ఎక్స్‌పీరియన్స్, వయసు 33, జర్మన్ ఏ1. ఛాన్సెన్‌కార్టె (ఉద్యోగం వెతుక్కోడానికిచ్చే పర్మిట్) మీద వెళ్లి వెతుక్కుంటే దొరుకుతుందా? పాయింట్లు ఎలా లెక్కపెట్టాలి?

లెక్కలమాస్టారు:
ముందు అనాబిన్ అనే జర్మన్ డేటాబేస్‌లో నీ కాలేజీ హెచ్ ప్లస్ (గుర్తింపు ఉన్నది) అని ఉందా, డిగ్రీ సమానం అని ఉందా చూడు, రెండూ ఉంటే పాయింట్ల లెక్కే అక్కర్లేదు, నేరుగా అర్హత వస్తుంది. లేకపోతే ఆరు పాయింట్లు కావాలి, 35 లోపు వయసుకి 2, ఏడేళ్లలో ఐదేళ్ల అనుభవానికి 3, ఏ1కి ఏమీ రావు, ఏ2 అయితే 1, లేదా ఇంగ్లీష్ సీ1 ఉంటే 1, అక్కడికి ఆరు. ఏడాది ఉండటానికి నెలకి 1,091 చొప్పున డబ్బు చూపించాలి, వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. దొరుకుతుందా అంటే, మెకానికల్‌కి ఏ1తో కష్టం, డ్రాయింగ్ ఒకటే ఇంగ్లీష్, ఫ్లోర్ అంతా జర్మన్. బీ1 చేసి వెళ్లు.

మోడరేటర్:
మెక్_ఇంజనీర్_33 గారూ, మీ ప్రశ్నకి వేరే థ్రెడ్ తెరిచాను, అక్కడ కంటిన్యూ చేయండి. ఇది డెంటిస్ట్ అప్రోబాట్సియోన్ కోసం పైన పిన్ చేస్తున్నా, దంతవైద్యురాలు గారి పోస్టులు ఇదే ప్రశ్న అడిగేవాళ్లందరికీ పనికొస్తాయి.